ఫోన్ ట్యాపింగ్‌కు ముందు మునసబు కబురు

ఫోన్ ట్యాపింగ్ గొడవ రేగినప్పుడల్లా అదేదో నిన్నమొన్న పుట్టిన జబ్బులా మాట్లాడుకుంటాం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు మాత్రం నిఘా వందేళ్లు పైబడిన వ్యవహారం.

ఈ ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండేది. 1906లో ప్రెసిడెన్సీకి సీఐడీ వచ్చింది. మరుసటి ఏడాదే జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ విజయనగరం, విశాఖ, కాకినాడ, రాజమండ్రిల్లో వందేమాతరం ఉపన్యాసాలు ఇచ్చారు. పోనుపోను, సభల్లో పెన్సిల్ పట్టుకుని షార్ట్‌హ్యాండ్‌లో ప్రతి మాటా రాసుకునే పోలీసు మామూలైపోయాడు. ఆ రాతే తర్వాత కోర్టులో సాక్ష్యం.

అయితే ఊరూరికీ సీఐడీని పెట్టలేరు కదా. అసలు కన్ను ఊళ్లోనే ఉండేది. శాంతిభద్రతలకు ఇబ్బంది తెచ్చే సంగతి ఏది తెలిసినా గ్రామాధికారి వెంటనే కబురు పెట్టాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 45వ సెక్షన్ చెప్పింది. ఊరి కాపలాదారు తలయారి చెవిన పడింది గ్రామాధికారి అయిన మునసబుకు, అక్కణ్నుంచి పోలీస్ స్టేషన్‌కు చేరేది. పదిహేను రోజులకోసారి మద్రాసు నుంచి ఢిల్లీకి రాజకీయ పరిస్థితిపై రిపోర్టు వెళ్లేది. రోజూ పలకరించే మనిషే మన మీద కబురు మోసేలా చేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

ఉత్తరాలు ఆపడానికి 1898 పోస్టాఫీసు చట్టం 26వ సెక్షన్, తంతి కబుర్లకు 1885 టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షన్ ఉండనే ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం రావడంతో, విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చే భారత రక్షణ చట్టం తోడైంది. 1940 మార్చిలో పలాసలో రైతు సంఘమైన అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ముందే అరెస్టు చేశారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. పోలీసులకు అడ్డు నిలిచిన సాసుమాన గున్నమ్మ ఆ తూటాలకే బలైంది.

1947లో తెల్లదొరలు వెళ్లారు, పోస్టాఫీసు, టెలిగ్రాఫ్ చట్టాలు ఉండిపోయాయి. పోలీసులు అర్ధరాత్రి ఇళ్లకు వచ్చి తలుపు తట్టడం చెల్లదని 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మిగతా నిఘా జోలికి పోలేదు. ఫోన్ ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి ఆర్డరు, దానిపై సమీక్షా కమిటీ ఉండాలని 1996లో షరతులు పెట్టింది.

2023లో పోస్టాఫీసు, టెలికాం చట్టాలను కొత్తగా రాశారు. అడ్డగించే అధికారం వాటిలోనూ ఉంది, ముందుగా జడ్జి అనుమతి మాత్రం అక్కర్లేదు. ఆ అనుమతి తప్పనిసరి చేయాల్సింది. ఆర్డరు ఇచ్చేదీ, దాన్ని సమీక్షించేదీ ప్రభుత్వాధికారులే అయితే మామూలు మనిషి గోడు వినేదెవరు?