స్పీడ్‌బోటుకి బ్రేకు ఉండదర్రా!

శాన్ డియాగో,
ఆదివారం

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నానమ్మా నేనూ కులాసా. నేను స్పీడ్‌బోటు నడుపుతుండగా తీసి మీ అత్త పెట్టిన వీడియో చూసి బుజ్జి వరసపెట్టి పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. "తాతయ్యా, నువ్వే నడిపావా? డ్రైవర్ లేడా? నీకు లైసెన్స్ ఎవరిచ్చారు?" అని. చిన్నూ అడిగింది ఒకటే: "ఎంత స్పీడు కొట్టావ్?" ఫోన్‌లో చెబితే సగం వినకుండా ఆటకి పరిగెడతారు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

స్పీడు సంగతి ముందే చెప్పేస్తాను. ఒడ్డు దగ్గర గంటకి ఎనిమిది కిలోమీటర్లు. నడిమధ్య ఎంతో నాకు తెలీదు. మీటరు వంక చూసే తీరిక ఎక్కడిది?

ముందు ఊరి సంగతి. మన కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని ఉంటుందా, దాని వల్లే కదా మన రేవులో పెద్ద అలలు ఉండవు. గోదావరి తెచ్చిన ఇసుకే అక్కడ మేట వేసి అలా తయారైంది. ఇక్కడా అదే కథ. టిహువానా అని ఒక నది ఉంది, మెక్సికో సరిహద్దు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది తెచ్చిన ఇసుకే సన్నటి కట్టలాగా పేరుకుని కొరొనాడో అనే ఊరిని ఒడ్డుకి కలిపింది. ఆ కట్టకి అటు పసిఫిక్ మహాసముద్రం, ఇటు శాన్ డియాగో అఖాతం. అటువైపు అలలు విరుచుకుపడుతుంటాయి, ఇటు నీళ్ళు నిలకడగా ఉంటాయి. అందుకే నాలాంటివాణ్ణి కూడా స్టీరింగ్ పట్టనిచ్చారు.

పద్ధతి ఏమిటంటే, రేవులో చిన్నచిన్న బోట్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఇద్దరే పడతారు. ముందొక గైడు తన బోటులో వెళ్తుంటాడు. వెనకాల మనం వరసగా, మధ్యలో ఎడం వదిలి వెళ్ళాలి. ఆయన చెప్పేవి రేడియోలో వినిపిస్తాయి. నేనూ మీ అత్తా ఒక బోటు, మావయ్య ఇంకో బోటు. నానమ్మ ఎక్కనంది. "నువ్వు స్కూటర్ నడిపితేనే నాకు దడ" అని ఒడ్డున బెంచీ మీద కూర్చుంది.

బుజ్జీ, నీ లైసెన్స్ ప్రశ్నకి జవాబు. కాలిఫోర్నియాలో మోటారు బోటు నడిపేవాళ్ళు పరీక్ష రాసి ఒక కార్డు తీసుకోవాలి. 2025 జనవరి నుంచి అన్ని వయసులవాళ్ళకీ అది తప్పనిసరి. అయితే బోటు అద్దెకి తీసుకున్నవాళ్ళకి మినహాయింపు ఉంది. నాకు ఈ మినహాయింపు పెద్దగా నచ్చలేదు. ఏళ్ళ తరబడి సొంత బోటు నడుపుతున్నవాడికి కార్డు కావాలట, మొదటిసారి నీళ్ళమీదకి వచ్చినవాడికి అక్కర్లేదట! గైడు ముందు ఉన్నాడు కాబట్టి సరిపోయింది గానీ. పిల్లల సంగతికొస్తే, 12 నిండనివాళ్ళు ఇలాంటి బోటు నడపడానికే వీల్లేదు. 12 నుంచి 15 ఏళ్ళవాళ్ళు 18 నిండిన పెద్దవాళ్ళు బోటులో ఉంటేనే నడపాలి. అద్దెకిచ్చేవాళ్ళు అంతకన్నా ఎక్కువ వయసే అడుగుతారు. కాబట్టి చిన్నూ, ఇప్పట్నుంచే గంతులెయ్యకు.

ఇక అసలు విషయం. బోటుకి బ్రేకు ఉండదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతా రూల్స్ అన్నీ ఎందుకున్నాయో వాటంతటవే అర్థమవుతాయి.

కుడిచేతి పక్కన ఒక లివర్ ఉంటుంది. నిలువుగా ఉంటే న్యూట్రల్. ముందుకి తోస్తే 'టక్' మని గేరు పడి బోటు ముందుకి కదులుతుంది. ఇంకా తోస్తే వేగం. వెనక్కి లాగితే రివర్స్. అంతే, క్లచ్ లేదు, బ్రేకు పెడల్ లేదు. కాలు మాత్రం ఊరుకోదు, ఎదురుగా ఏదైనా వస్తే నేలని తొక్కుతూనే ఉంటుంది! మీ అత్త అది చూసి ఒకటే నవ్వు. ఆపాలంటే లివర్ ముందుగానే తగ్గించుకోవాలి. నీళ్ళే అడ్డుపడి నెమ్మదిగా ఆపుతాయి. చిన్న బోటు కాబట్టి కాస్త దూరంలో ఆగుతుంది. అదే పెద్ద ఓడైతే ఇంజన్ ఆపేశాక కూడా కిలోమీటర్ల కొద్దీ పోతూనే ఉంటుంది. అందుకే ఓడకి ఎదురెళ్ళి 'వాడే చూసుకుంటాడులే' అనుకోకూడదు. అంత ఎత్తున కూర్చున్న కెప్టెన్‌కి ఓడ ముక్కు కింద ఉన్న చిన్న బోటు కనపడనే కనపడదు.

ఇంకో తిరకాసు ఉంది. కారులో యాక్సిలరేటర్ వదిలేసినా స్టీరింగ్ తిరుగుతుంది కదా? బోటులో అలా కాదు. వెనకాల ఉండే ప్రొపెల్లర్ నీళ్ళని నెడుతుంది. స్టీరింగ్ తిప్పితే ఆ నెట్టే దిక్కు మారుతుంది, అప్పుడే బోటు తిరుగుతుంది. నెట్టడం ఆగిపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా దాదాపు దండగే. టెన్షన్‌లో లివర్ మొత్తం వెనక్కి లాగేసి, చక్రం గిరగిరా తిప్పితే బోటు తిన్నగా పోయి గుద్దుకుంటుంది. పక్కకి తప్పుకోవాలంటే కాస్తయినా ఇంజన్ బలం ఉండాలి. గైడు ఈ సంగతి ఒడ్డునే చెప్పాడు, నడిపినప్పుడు గానీ ఒంటికి పట్టలేదు.

పైగా తిరిగేటప్పుడు ముందు భాగం ఒక పక్కకి వెళ్తే వెనక భాగం రెండో పక్కకి విసురుగా వస్తుంది. మన జాలర్లు అమరం అంటారే, ఆ వెనక భాగం. రేవు నుంచి బయల్దేరేటప్పుడు ఒక్కసారిగా చక్రం తిప్పేస్తే ముక్కు బయటికొస్తుంది గానీ తోక వెళ్ళి కట్టకి కొట్టుకుంటుంది. ముందు మెల్లగా కాస్త తిన్నగా వెళ్ళి, ఆ తర్వాతే తిప్పాలి.

చిన్నూకి నచ్చే భాగం ఇప్పుడు. రేవు దాటి విశాలమైన చోటికి రాగానే గైడు సరే అన్నాడు. లివర్ తోశాను. మొదట బోటు నీళ్ళని చీల్చుకుంటూ బరువుగా, మూలుగుతూ వెళ్ళింది. ఇంకా తోసేసరికి ముక్కు పైకి లేచింది. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. అక్కడే భయపడి తగ్గించేస్తారు చాలామంది. ఆగకుండా ఇంకొంచెం తోస్తే, బోటు తాను లేపిన అలనే ఎక్కేసి, ముక్కు దించి, నీటి పైపైన జారిపోవడం మొదలుపెడుతుంది. మీరు చెరువులో పెంకు విసిరితే అది మునగకుండా కప్పగంతులు వేస్తూ పోతుందే, అదే సూత్రం. వేగంగా వెళ్ళే అడుగుభాగాన్ని నీళ్ళు కిందనుంచి పైకి నెడతాయి. నీళ్ళలో మునిగిన భాగం తగ్గిపోవడంతో రాపిడీ తగ్గుతుంది. అప్పుడు లివర్ కొంచెం వెనక్కి లాగినా వేగం అలాగే ఉంటుంది. తగ్గించేటప్పుడు మాత్రం మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా వదిలేస్తే బోటు చతికిలబడుతుంది, మనం లేపిన అలే వెనకనుంచి వచ్చి మన వీపు తడుపుతుంది.

డ్రైవరు నడుముకి ఎర్రటి స్ప్రింగు తాడు ఒకటి తగిలిస్తారు, టెలిఫోన్ రిసీవర్‌కి ఉండే తాడులా మెలికలు మెలికలుగా ఉంటుంది. రెండో కొస ఇంజన్ స్విచ్‌కి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడొచ్చి ఇంజన్ ఆగిపోతుంది. ఆగకపోతే ఏమవుతుందో తెలుసా? డ్రైవరు లేని బోటు గుండ్రంగా తిరిగి పడ్డవాడి మీదకే వస్తుంది, కింద ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. 2021 నుంచి అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లు వేగంగా వెళ్ళేటప్పుడు దీన్ని వాడి తీరాలని చట్టం. లైఫ్‌జాకెట్ సరే సరి. 13 ఏళ్ళ లోపు పిల్లలు ఇలాంటి బోటు కదులుతున్నంత సేపూ వేసుకునే ఉండాలి. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగిన వార్త మీకు గుర్తుండదు, చిన్నవాళ్ళు. నాకు గుర్తుంది. అందుకే "ఉక్కపోస్తోంది తాతయ్యా" అని జాకెట్ బకిల్ తీసేస్తే నేను ఊరుకోను.

నీళ్ళమీద రోడ్డు గీతలు ఉండవు కదా, మరి ఎవరు ఎటు వెళ్ళాలి? ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. ఇది 1972లో దేశాలన్నీ ఒప్పుకున్న రూలు, కాకినాడ సముద్రంలోనూ అంతే. రోడ్డు మీద ఎడమకి అలవాటుపడ్డ నా చెయ్యి ఊరికే ఎడమకే పోయేది! అడ్డంగా ఎవరైనా వస్తుంటే, మనకి కుడివైపు నుంచి వచ్చే మోటారు బోటుకి మనం దారివ్వాలి. రాత్రిపూట ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రతి బోటుకీ ఎడమపక్క ఎర్ర దీపం, కుడిపక్క పచ్చ దీపం ఉంటాయి. మన కుడినుంచి అడ్డంగా వచ్చే బోటు ఎడమపక్క మనకి కనపడుతుంది, అంటే ఎర్ర దీపం. ఆగమని అది చెప్పకుండానే చెప్పినట్టు! వాళ్ళకి మన పచ్చ దీపం కనపడుతుంది, అంటే వెళ్ళమని. కాగితం మీద రెండు బోట్లు గీసి రంగులు వేసి చూడండి. తెరచాప పడవకి మాత్రం సాధారణంగా మోటారు బోటే తప్పుకోవాలి.

దారి చూపించడానికి నీళ్ళలో బోయాలు అనే రంగుల గుర్తులు తేలుతుంటాయి. సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఇక్కడ ఎర్రవి కుడిపక్క ఉండాలి. మన దేశంలో ఎర్రవి ఎడమపక్క. ప్రపంచాన్ని అలా రెండు భాగాలు చేసుకున్నారు. ఎందుకు చేసుకున్నారయ్యా అంటే, అదో పెద్ద కథ, వదిలెయ్యండి.

ఒడ్డు వెంట చూసినవి చెప్పకపోతే బుజ్జి అలుగుతుంది. యు.ఎస్.ఎస్. మిడ్‌వే అనే విమానవాహక నౌక ఉంది. 1945 నుంచి 1992 దాకా పనిచేసి, 2004 నుంచి మ్యూజియంగా నిలబడి ఉంది. పొడవు మూడు వందల మీటర్ల పైనే. కింద నీళ్ళలోంచి చూస్తే మెడ పట్టేస్తుంది. ఎదురుగా కొరొనాడో వైపు ఇప్పటికీ పనిచేసే యుద్ధనౌకల స్థావరం ఉంది. వాటికి 500 గజాల దూరంలోకి వస్తే వేగం బాగా తగ్గించెయ్యాలి, 100 గజాల లోపలికి అసలు వెళ్ళకూడదు. ఫొటో కోసం కూడా! ఆ పక్కకి రాగానే గైడు గొంతే మారిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్టార్ ఆఫ్ ఇండియా అనే తెరచాప ఓడ. పేరు చూసి ఆగాను. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో 1863లో కట్టారు, ఒళ్ళంతా ఇనుమే. అప్పట్లో పేరు యూటర్పీ. మొదట్లో ఇంగ్లండు నుంచి కలకత్తాకి తిరిగేది. 1865లో మన బంగాళాఖాతంలోనే, మద్రాసు దగ్గర, తుపానుగాలిలో చిక్కుకుంటే ఓడ బతకడానికి తెరచాప స్తంభాలు నరికేశారు. ఎలాగో శ్రీలంకలోని ట్రింకోమలీ చేరి, ఆ తర్వాత కలకత్తాలో బాగుచేయించుకుంది. ఆ కెప్టెన్ తిరుగు ప్రయాణంలోనే చనిపోతే సముద్రంలోనే సాగనంపారు. దానికి ముందటేడే, 1864 నవంబరులో, బందరుని ఉప్పెన ముంచేసింది. అంటే అది మన తీరానికి గడ్డుకాలం. ఆ గాలిని తట్టుకున్న ఓడ ఇక్కడ ఎండలో రంగులేసుకుని నిలబడి ఉంటే, నాకు మన ఊరి మనిషి కనపడినట్టే ఉంది. స్తంభాలు నరుక్కుని బతికిన ఓడని చూడటానికి గైడు ఇచ్చిన వ్యవధి చాలలేదు. మళ్ళీ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళి చూశాను.

కొరొనాడో వంతెన కిందనుంచి కూడా వెళ్ళాం. 1969లో తెరిచారు, పొడవు 3.4 కిలోమీటర్లు, కింద 61 మీటర్ల ఎత్తు వదిలారు, యుద్ధనౌకలు దూరాలి కదా. పైన లారీలు వెళ్తుంటే కింద ఆ చప్పుడు స్తంభాల మధ్య గుయ్యిమని తిరుగుతుంది.

చేపల ఎరలు అమ్మే తెప్పల దగ్గర సముద్ర సింహాలు పదులకొద్దీ పడుకుని ఉన్నాయి. కనపడే ముందే వాసన వస్తుంది, మన ఎండుచేపల బజారు ఏ మూలకీ రాదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందది అరిస్తే పైది ఇంకా గట్టిగా అరుస్తుంది. మీరిద్దరూ టీవీ రిమోట్ కోసం కొట్టుకున్నప్పుడు సరిగ్గా ఆ గొంతే. వాటికి 50 గజాల దూరంలో ఉండమంటారు. ఇక్కడి నేవీ వాళ్ళు డాల్ఫిన్లకీ సముద్ర సింహాలకీ శిక్షణ ఇచ్చి నీటి అడుగున మందుపాతరలూ, పోయిన సామాన్లూ వెతికిస్తారు, 1960ల నుంచీ ఉంది ఆ కార్యక్రమం.

తిరిగొచ్చేటప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. లంగరేసిన పడవల దగ్గర గంటకి 5 మైళ్ళు, అంటే నేను మొదట్లో చెప్పిన ఎనిమిది కిలోమీటర్లు దాటకూడదు. మనం లేపిన అల వెళ్ళి ఎవరి పడవనో కట్టకేసి కొడితే ఆ నష్టం మనదే. రేవులోకి వచ్చేటప్పుడు గేరు వేసి, న్యూట్రల్‌కి తెచ్చి, మళ్ళీ వేసి, అలా బిట్లుబిట్లుగా రావాలి. చివర్లో కాస్త రివర్స్. అదే బ్రేకు, ఉన్నదల్లా.

మీ అత్త వేసవి సెలవులకి మిమ్మల్ని రమ్మంటోంది. వస్తే పొద్దుటి స్లాటే బుక్ చేయమనండి. మధ్యాహ్నం దాటితే సముద్రంవైపు నుంచి గాలి లేచి నీళ్ళు గతుకుల రోడ్డయిపోతాయి. మే, జూన్ నెలల్లో పొద్దున్నే మబ్బుపట్టి చలిగా ఉంటుంది కాబట్టి ఒక స్వెటర్ పెట్టుకోండి. మీరు నడపడం కుదరదు, పక్కన కూర్చోవచ్చు. బుజ్జికి కారులోనే వాంతులవుతాయి గనుక ఒక అరగంట ముందు మాత్ర వేయించాలి, డాక్టరుగారిని అడిగి.

ఈలోగా ఇద్దరూ ఈత నేర్చుకోవాలి. ఫీజు నాది. చిన్నూ, ఈ పేరా మీ అమ్మకి గట్టిగా చదివి వినిపించు, ఏ కొలనులో చేర్పిస్తున్నారో శనివారంలోగా నాకు ఫోన్ చేసి చెప్పమను.

ఇట్లు,
మీ తాతయ్య