పరిశోధన మధ్యలో ఎంబీబీఎస్: అపోహలు - వాస్తవాలు

జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీని మూడో ఏట వదిలి ఎంబీబీఎస్‌లో చేరినదాన్ని. ఇప్పుడు తిరుపతిలోనే జనరల్ మెడిసిన్ చూస్తున్నాను. ఎస్వీ యూనివర్సిటీ నుంచో, ఇక్కడి సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ నుంచో పరిశోధక విద్యార్థులు వెతుక్కుంటూ వస్తారు. ఓపీ అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుంటారు. లోపలికి వచ్చాక, ఏదో తప్పు చేస్తున్నట్టు గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కా, ఇప్పుడు మారవచ్చా?" మారవచ్చు. కానీ వాళ్లు నమ్మి వచ్చేవాటిలో సగం నిజం కాదు.

అపోహ: పైచదువు ఉంది కాబట్టి మొదటి సంవత్సరం మినహాయిస్తారు.

ఒక్క రోజు కూడా మినహాయించరు. అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ తర్వాత మొదలవుతుంది, మన దగ్గర ఇంటర్ తర్వాత. అందుకే ఇక్కడ మీ ఎమ్మెస్సీ మార్కులు ఎవరూ అడగరు. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి 50 శాతం (ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40), ఆపైన నీట్ ర్యాంకు, అంతే. తర్వాత నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు తప్పనిసరి. మూడేళ్లు ఎంజైముల మీదే పనిచేసిన నేను, పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని ఎంజైముల వేగాన్ని చెప్పే మైకేలిస్-మెంటెన్ సమీకరణం మళ్లీ మొదటినుంచి రాశాను. అనాటమీ హాలులో నరాల పేర్లు నాకు ఆ పిల్లలే నేర్పారు.

అపోహ: పరిశోధకులకు నీట్ తేలిక.

180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. సగం జీవశాస్త్రమే, నిజమే. కానీ మిగతా సగం మీరు ఇంటర్ తర్వాత ముట్టని భౌతికశాస్త్రం, మరిచిపోయిన రసాయనశాస్త్రం. ఇంకో చిక్కుంది. పరిశోధన మనకు అనుమానించడం నేర్పుతుంది. ఈ పరీక్ష పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని అడుగుతుంది. "దీనికి మినహాయింపులు ఉన్నాయి కదా" అని ఆలోచించేలోపు నిమిషం గడిచిపోతుంది, తప్పు గుర్తిస్తే ఒక మార్కు పోతుంది.

అపోహ: వయసు దాటిపోయింది.

గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు. ఎన్నిసార్లు రాయాలన్న హద్దూ లేదు. అయితే లెక్క వేసుకోండి. 28లో చేరితే ఎంబీబీఎస్ ముగిసేసరికి 33 దాటుతుంది, వెంటనే సీటు దొరికి ఎండీ చేస్తే 37కు చేరువవుతారు. నెలకు 37,000 రూపాయలు వచ్చే జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) ఆగిపోతుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది పరీక్ష కాదు, నాన్న మందుల ఖర్చు ఎవరు చూస్తారన్న ప్రశ్న. దీని గురించి ఇంట్లో మాట్లాడకుండా రాజీనామా రాయకండి.

అపోహ: థీసిస్ రాసుకుంటూ ఎంబీబీఎస్ చదవవచ్చు.

ఒకేసారి రెండు డిగ్రీలు చేయడానికి యూజీసీ 2022లో వీలు కల్పించింది కానీ అందులో పీహెచ్‌డీ లేదు.

అపోహ: హైదరాబాద్‌లో పరిశోధన చేశాం కాబట్టి ఇక్కడ స్థానికత పోయింది.

స్థానికత చూసేది ఇంటర్‌తో ముగిసే చదువును బట్టి, పీహెచ్‌డీని బట్టి కాదు.

అపోహ: వదిలేస్తే పరిశోధనలో గడిపిన ఏళ్లన్నీ వృథా.

ఇది వింటే నాకు బాధ కలుగుతుంది. మన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో 1930లో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. ఆయన నడిచిన దారిలో మీరు అవతలి కొసనుంచి వస్తున్నారు. ఒక రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని రిపోర్టు వచ్చింది. ఈసీజీ మాత్రం మామూలుగా ఉంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే పొటాషియం బయటికి వచ్చి అంకె పెరుగుతుందని ల్యాబ్‌లో ఎన్నిసార్లు చూశానో! ఆయన్ను మానిటర్ మీదే ఉంచి మళ్లీ రక్తం తీయించాను. మామూలుగా వచ్చింది. అంకెను నమ్మేముందు అది ఎలా పుట్టిందో అడగడం నాకు నేర్పింది పరిశోధనే.

అపోహ: పీహెచ్‌డీ గైడుతో పడకపోతే వైద్యమే మందు.

వార్డులోనూ పైవాళ్లు ఉంటారు, నిద్రలేని రాత్రులు ఉంటాయి. సమస్య గైడే అయితే ముందు గైడును మార్చుకునే దారి చూడండి. రోగి పక్కన నిలబడాలన్న కోరిక అప్పటికీ తగ్గకపోతే నా దగ్గరికి రండి. మొన్న వచ్చిన అమ్మాయిని ఒక్కటే అడిగాను, థీసిస్‌లో ఇంకా ఎన్ని అధ్యాయాలు మిగిలాయని. రెండు అంది. అవి సమర్పించి, రసీదు చేతికి వచ్చాక భౌతికశాస్త్రం పుస్తకం తెరవమన్నాను.