సంగటి ముద్ద, చంటిబిడ్డ గుండు

"మేమిద్దరం కూడా అదే ఎండలో తిరిగాం, మాకేమీ కాలేదు. ఏడాది బిడ్డకు మాత్రం సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. దిష్టి తగిలిందంటోంది మా అవ్వ, నిజమేనా?" మే నెలలో తిరుమల కొండకు వెళ్ళొచ్చిన ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. దిష్టి సంగతి అవ్వకే వదిలేద్దాం. అసలు జవాబు ఆమె కలిపే సంగటి ముద్దలో ఉంది.

పళ్ళెంలో పెట్టిన పెద్ద ముద్ద పావుగంటైనా లోపల చురుక్కుమంటూనే ఉంటుంది. అందులోంచి గోలీ అంత తుంచి పక్కన పెడితే కాసేపటికే చల్లారిపోతుంది. పిల్లలకు సంగటి తినిపించే ప్రతి తల్లీ చేసే పనే ఇది. వేడి నిలవుండేది లోపలి పిండిలో, బయటికి పోయేది పైభాగం నుంచి. ఉండ అడ్డకొలతను సగం చేస్తే పైభాగం నాలుగో వంతు అవుతుంది, పిండి మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే అదే పిండికి రెట్టింపు పైభాగం అన్నమాట. మనుషులకూ ఇదే లెక్క. 60 కిలోల పెద్దమనిషికి కిలో బరువుకు సుమారు 275 చదరపు సెంటీమీటర్ల చర్మం ఉంటే, 10 కిలోల బిడ్డకు 480 దాకా, 3 కిలోల పురిటిబిడ్డకు 670 దాకా ఉంటుంది.

త్వరగా చల్లారే ముద్ద త్వరగా కాగుతుంది కూడా. ఎండలో చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఎక్కువ చర్మం బిడ్డకు మేలే చేస్తుంది. గాలి 35 దాటిందా, అదే చర్మం వేడిని లోపలికి లాగే తలుపవుతుంది. తిరుపతిలో కత్తిరి ఎండలప్పుడు 40 దాటడం వింతేమీ కాదు.

ఇక బిడ్డ ఒంట్లో పుట్టే వేడి. ఊరికే పడుకున్నా 10 కిలోల బిడ్డ రోజుకు 500 కిలో కేలరీలు ఖర్చు చేస్తుంది, గంటకు 21. బిడ్డ ఒళ్ళు ఒక్క డిగ్రీ పెరగడానికి 8.3 కిలో కేలరీలు చాలు. ఆ వేడి బయటికి పోయే దారే లేదనుకుంటే గంటకు రెండున్నర డిగ్రీలు ఎక్కుతుంది. రోజుకు 1500 కిలో కేలరీలు ఖర్చు చేసే 60 కిలోల మనిషికి అదే లెక్క కడితే గంటకు డిగ్రీంబావు. సగానికి సగం! పైనుంచి పడే ఎండ, బండల సెగ ఇందులో కలపనేలేదు. ఒకే ఎండ, ఒకే గంట, రెండు వేర్వేరు జ్వరాలు.

35 దాటాక మిగిలేది చెమట ఒక్కటే. ఒక మిల్లీలీటరు చెమట ఆరితే 0.58 కిలో కేలరీలు తీసుకుపోతుంది. బిడ్డ తన సొంత వేడిని పోగొట్టుకోవడానికే గంటకు 36 మి.లీ. ఆరాలి. పది గంటలకు 360 మి.లీ., బిడ్డ బరువులో మూడున్నర శాతం! 5 శాతం పోతే డీహైడ్రేషన్ లక్షణాలు కనిపిస్తాయి. పైగా పిల్లల చెమట గ్రంథులు ఒక్కొక్కటీ పెద్దవాళ్ళ గ్రంథులంత చెమట పోయలేవు. ఆ శక్తి యుక్తవయసుకు గానీ రాదు. ఇంకో చిక్కు, ఉక్కపోత. అప్పుడు చెమట ఆరదు. కారిపోయిన చెమట చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. కారిపోయిందంటే నీళ్ళు దండగ. 

పుట్టువెంట్రుకల మాటకొద్దాం. పెద్దవాళ్ళ ఒంటి చర్మంలో తలభాగం 9 శాతమైతే, చంటిబిడ్డకు 18 దాకా ఉంటుంది. జుట్టు నీడ తీసేసి ఆ గుండును నడిఎండలో నడిపిస్తాం. గంధం పూశాం కదా అంటారు. గంధంలోని చల్లదనం అందులోని నీళ్ళు ఆరుతున్నంతసేపే. ఎండి పొరగా బిగుసుకున్నాక చల్లబరిచేదేమీ ఉండదు. తడిపిన పలుచని నూలుగుడ్డ ఇంకా నయం, ఆరగానే మళ్ళీ తడపాలి. గుండు పొద్దున్నే చేయించుకుంటే సగం బాధ తీరుతుంది. మాడవీధుల్లో తెల్ల కూల్ పెయింట్ వేసేది కూడా వెలుగు వెనక్కి కొట్టి బండ కాగకుండా ఉండాలనే. ఆ పెయింట్ దాటి నల్లబండ మీద బిడ్డను దించకండి.

తాగించడంలో జరిగే తప్పులు వేరు. ఆరు నెలల లోపు బిడ్డకు రోహిణి కార్తెలో కూడా నీళ్ళు వద్దు. తల్లిపాలలో 87 శాతం నీళ్ళే, కాకపోతే ఎక్కువసార్లు పట్టాలి. లేత మూత్రపిండాలు మిగులు నీటిని త్వరగా బయటికి పంపలేవు, ఒంట్లో సోడియం పలచబడి ఫిట్స్ రావచ్చు. అంతకు పెద్ద పిల్లలకు ఓఆర్‌ఎస్: 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో, 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్‌లో సగం గ్లాసులో పోసి కలిపేవాళ్ళు చాలామంది. చిక్కబడిన ఆ ద్రావణం పేగులోకి నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. 200 మి.లీ. కి సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి, అట్ట మీద చదివి కలపండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు.

ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మాడు గుంటపడినా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళు 40 దాటి మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బే. 108 కి ఫోన్ చేసి, బట్టలు విప్పి, ఒళ్ళంతా కుళాయి నీళ్ళతో తడిపి విసనకర్రతో విసరాలి. స్పృహ లేని బిడ్డ నోట్లో ఏమీ పోయకూడదు. పారాసెటమాల్ పనిచేయదు. మామూలు జ్వరంలో మెదడే ఒంటి వేడి మట్టాన్ని పైకి జరుపుతుంది, మాత్ర దాన్ని కిందికి దించుతుంది. వడదెబ్బలో ఆ మట్టం ఎక్కడిదక్కడే ఉంది, వేడి బయటినుంచి వచ్చి పడింది. జేబులో ఉల్లిపాయ పెట్టుకోవడమూ అంతే సంగతి.

ధనుర్మాసం చలిలో గుండు లెక్క తిరగబడుతుంది. తెల్లవారుజామున కొండమీద క్యూలో పెద్దవాళ్ళు శాలువా కప్పుకుని సరిపెట్టుకుంటారు; బిడ్డ గుండు మాత్రం గోలీ సంగటిలా చల్లారిపోతుంది. టోపీ అప్పుడు తప్పనిసరి. అది చూసి మే నెలలో పురిటిబిడ్డకు కూడా టోపీ, మేజోళ్ళు తొడిగి, దుప్పటి చుట్టి, రేకుల ఇంట్లో తలుపు మూసి సాంబ్రాణి వేస్తారు. గాలి సోకుతుందని భయం. చుట్టిన బిడ్డకు వచ్చే జ్వరం చాలాసార్లు ఆ చుట్టుడుదే. అరచేతులు, అరికాళ్ళు పట్టి చూస్తే తెలియదు, అవి మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయి. మెడ వెనక చేయి పెట్టి చూడండి. తడిగా, వెచ్చగా తగిలితే ఒక పొర తీసేయండి.