ఆడవాళ్ల ప్యాంటుకి పోలీసు పర్మిషన్: ప్యారిస్ రూల్ వెనక కథ

ప్యారిస్‌లో ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర పర్మిషన్ తీసుకోవాలన్న రూల్ ఇక చెల్లదని ఫ్రాన్స్ మంత్రి నజాత్ వల్లో-బెల్కసెమ్ చెప్పింది ఎప్పుడో కాదు, 2013 జనవరి 31న. అమలు ఎప్పుడో ఆగిపోయినా కాగితం మీద 200 ఏళ్లకి పైగా ఉండిపోయింది, అదీ స్వేచ్ఛ సమానత్వం అని విప్లవం చేసిన దేశంలో, నాకైతే ఇది చాలా బాధనిపిస్తుంది.

బట్టల మీద పెత్తనం అక్కడ ముందునుంచీ ఉన్నదే. మన మచిలీపట్నం వైపు కోరమండల్ తీరం నుంచి వెళ్లే అద్దకం బట్టల్ని కూడా అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ల కోసం 1686 నుంచి 1759 దాకా నిషేధించారు. 1789 మేలో వెర్సాయ్‌లో సభ పెట్టినప్పుడు ప్రభువులకి బంగారు జరీ, తెల్ల ఈకల టోపీ, మామూలు జనం తరఫున వచ్చినవాళ్లకి మాత్రం ఏ హంగూ లేని నల్ల బట్టలు, ఎవరి స్థాయి ఏంటో చూడగానే తెలియాలన్నమాట. అందుకే విప్లవం వచ్చాక కోపం ముందు బట్టల మీదకే మళ్లింది. గొప్పోళ్లు వేసుకునే మోకాళ్ల దాకా ఉండే బిగుతు లాగు పేరు కులోట్, అది వేసుకోకుండా పొడుగు ప్యాంటు, ఎర్ర టోపీతో తిరిగిన పనివాళ్లకి సాన్-కులోట్‌లు, అంటే కులోట్ లేనివాళ్లు అని పేరు పడింది.

విప్లవానికి గుర్తుగా పెట్టుకునే మూడు రంగుల రిబ్బన్ పువ్వు ఆడవాళ్లు కూడా పెట్టుకోవాల్సిందేనని 1793 సెప్టెంబర్‌లో చట్టం చేశారు. తర్వాత నెలలోనే విప్లవ మహిళల క్లబ్బుకీ మార్కెట్లో అమ్ముకునే ఆడవాళ్లకీ ఎర్ర టోపీ దగ్గర పెద్ద గొడవైంది, కొట్టుకునేదాకా వెళ్లింది. అక్టోబర్ 29న ఎవరికి నచ్చిన బట్టలు వాళ్లు వేసుకోవచ్చు, ఎవరూ బలవంతం చేయకూడదు అని కన్వెన్షన్, అంటే అప్పటి ఫ్రాన్స్ చట్టసభ, డిక్రీ ఇచ్చింది. వినడానికి ఎంత బాగుందో. కానీ అదే రోజు ఆ సభ సభ్యుడు ఫాబ్ర్ దెగ్లాంతీన్ లేచి, ఇవాళ టోపీ అడుగుతారు రేపు నడుముకి పిస్టల్ అడుగుతారు అన్నట్టు మాట్లాడాడు, మర్నాడే ఆడవాళ్ల క్లబ్బులన్నీ మూయించేశారు.

ఆడవాళ్ల ప్యాంటుకి పర్మిషన్ ఉండాలన్న ఆ ప్యారిస్ రూల్, అంటే 1800 నవంబర్ 7 పోలీసు ఆర్డర్, దానికి కొనసాగింపే అనిపిస్తుంది నాకు. మగవాళ్ల బట్టలు వేసుకోవాలంటే వైద్యాధికారి సర్టిఫికెట్ పట్టుకుని పోలీసు ఆఫీసుకి వెళ్లాలి. జంతువుల బొమ్మలు వేసే చిత్రకారిణి రోసా బొనూర్‌కి 1857లో ఇచ్చిన పర్మిట్ ఇప్పటికీ ఉంది, అందులో ఆరోగ్య కారణాల వల్ల అని రాసుంది, గడువు ఆరు నెలలు, ఆ బట్టలతో నాటకాలకీ డాన్సులకీ జనం చేరే చోట్లకీ వెళ్లకూడదని కూడా ఉంది. 1892, 1909ల్లో కాస్త సడలించారు, చేతిలో సైకిల్ హ్యాండిల్ గానీ గుర్రం కళ్ళెం గానీ ఉంటే ప్యాంటు వేసుకోవచ్చని.