రిమ్ముకు ఎక్కింది కదా అంటే కుదరదు: టైరు మీది అంకెల చుట్టూ అపోహలు, వాస్తవాలు

"సైజు ఒకటేగా అన్నా. రిమ్ముకు ఎక్కింది, గాలి నిలిచింది. ఇంకేం కావాలి?"

టైర్ల పనిలో ఉన్నవాడెవడైనా వారానికి రెండుసార్లయినా వినే మాట ఇది. అడిగేవాళ్లను తప్పుపట్టను. వాళ్లకు సైజు చూడమని చెప్పినవాళ్లే గానీ, సైజు పక్కనున్న అంకె చూడమని చెప్పినవాళ్లు లేరు. నాకు కోపమల్లా "ఆ అంకె ఉత్త కంపెనీ గోల, పట్టించుకోకండి" అని వీడియోల్లో ధైర్యంగా చెప్పేవాళ్ల మీద.

185/60 ఆర్15 84హెచ్ అనే టైరునే తీసుకోండి. 185 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, 15 రిమ్ము సైజు అంగుళాల్లో. ఆ 84 లోడ్ ఇండెక్స్. అది కేజీలు కాదు, పట్టికలో ఒక వరుస. 84 అంటే ఒక్క టైరు మోయగల బరువు 500 కేజీలు. ఇదే సైజులో 88హెచ్ ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ బరువు మోసే రకం) అని ఇంకోటి దొరుకుతుంది. 88 అంటే 560 కేజీలు. రెండూ పక్కపక్కన పెడితే కంటికి ఒక్కలాగే ఉంటాయి, ఒకే రిమ్ముకు ఎక్కుతాయి. మీ కారుకు కంపెనీ 88 ఇస్తే, 84 వేసిన రోజు మీకు ఏ తేడా తెలియదు. వారానికీ తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

దీనికి జనం దగ్గర ఒక లెక్క సిద్ధంగా ఉంటుంది. "కారు 1,200 కేజీలు. నాలుగు టైర్లు కలిపి 2,000 మోస్తాయి. ఇంకా 800 మిగిలిందిగా!" లెక్క తప్పు కాదు, కానీ కారు అలా నిలబడదు. బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. ఖాళీ కారులో ఇంజిన్ ఉన్న వైపు ఎక్కువ. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నింపితే భారం వెనక్కి జరుగుతుంది. బ్రేకు కొడితే ముందుకు తోస్తుంది, మలుపులో బయటి వైపు చక్రాల మీద వాలుతుంది. అందుకే సరిపోతుందా లేదా అన్నది మొత్తం బరువుతో కాదు, ఒక్కో ఇరుసు మీద కంపెనీ ఒప్పుకున్న గరిష్ఠ బరువుతో చూడాలి. వెనక ఇరుసుకు 1,100 కేజీలు అని ఉందనుకోండి. టైరుకు 550. 88 వేస్తే సరిపోయింది. 84 వేస్తే 50 కేజీలు తక్కువ. "మొత్తం కలిపితే సరిపోతుందిగా" అన్నది ఆ టైరుకు తెలియదు కదా.

ఈ తప్పు నేనే చేశాను. పనిలో కొత్త. ఒకాయన కారుకు నాలుగు టైర్లు మార్చాలి, స్టాకులో 88 లేదు, 84 ఉంది. సైజు చూశాను, ఎక్కించాను, బ్యాలెన్సింగ్ చేసి పంపేశాను. కొన్ని నెలల తర్వాత ఆయన కుటుంబమంతటినీ ఎక్కించుకుని, డిక్కీ నిండా సామానుతో ఎండలో దూరప్రయాణం చేసి వచ్చారు. వెనక ఎడమ టైరు పక్కన గుడ్డంత ఉబ్బు. ఊడదీసి బోర్లిస్తే లోపలి నుంచి నల్లటి రబ్బరు పొడి జలజలా రాలింది. సైడ్‌వాల్ లోపలి వైపు వేలు పెట్టి రాస్తే చుట్టూ గరుకు. టైరు మోయలేక పక్కలు మడత పడుతూ లేస్తూ, ఆ వేడికి లోపల తన్ను తానే అరగదీసుకుందన్నమాట. గాలి కూడా నాలుగైదు పాయింట్లు తక్కువే ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ 88 ఉంటే పరిస్థితి అంతదాకా వచ్చేది కాదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పిల్లలు వెనకే కూర్చున్నారు" అన్నారు, అంతే. ఆ రోజు నుంచి కారు డోరు దగ్గర కంపెనీ అతికించే టైరు స్టిక్కరు చూడకుండా టైరు కిందికి దించను.

"అయితే గాలి ఎక్కువ కొట్టించుకుంటే సరి" అనేది దీని తమ్ముడు. ఎక్కడిదాకా కొడతారు? మామూలు టైరు గాలి ఒత్తిడి 36 పీఎస్ఐ దరిదాపుల్లో తన పూర్తి బలానికి చేరుకుంటుంది. ఆపైన ఎంత కొట్టినా ఒక్క కేజీ కూడా అదనంగా మోయదు, కారు మాత్రం ఎగిరెగిరి పడుతుంది. ఎక్స్ఎల్ టైరు 42 పీఎస్ఐ దాకా వెళ్లి ఇంకాస్త మోస్తుంది. ఇక్కడ రెండో మోసం ఉంది: ఎక్స్ఎల్ వేయించుకుని గాలి పాత లెక్కలోనే పెడితే అదనపు బలం రాదు. ఎక్స్ఎల్ అనే రెండక్షరాలు ఏమీ మోయవు, లోపలి గాలి మోస్తుంది. కంపెనీ మామూలు టైర్లు ఇచ్చిన కారుకు ఎక్స్ఎల్ వేసుకోవచ్చు. ఎక్స్ఎల్ ఇచ్చిన కారుకు మామూలివి వేయకూడదు.

"ఉన్న టైరు చూసి అదే తెచ్చుకుంటే చాలు" అన్నది కూడా నమ్మకండి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు. ఒకతను 205/65 ఆర్15 టైరు ఫోటో పెట్టి, ఇవే నాలుగు కావాలన్నాడు. కారు వచ్చింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌ను గీరుతోంది. అప్పటికే అక్కడ నున్నగా మెరిసే గాడి పడింది. డిక్కీ తెరిచి చూస్తే, ఎవరూ ముట్టుకోని స్టెప్నీ 185/65 ఆర్15. డోరు స్టిక్కరు మీద కూడా అదే. ముందు ఓనరెవరో లావు టైర్లు అందంగా ఉంటాయని మార్చేశాడు. 621 మిల్లీమీటర్ల చక్రం 647 అయింది, నాలుగు శాతం పెద్దది. మీటరు వంద చూపిస్తుంటే బండి 104లో పోతుంటుంది. పాపం, స్పీడోమీటరు పాడయిందేమోనని ఇతను రెండు చోట్ల చూపించుకున్నాడట! స్టెప్నీని కూడా గుడ్డిగా నమ్మకండి. కొన్ని కార్లకు కావాలనే సన్నటిది ఇస్తారు. డ్రైవరు డోరు తెరిస్తే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో ఉండే స్టిక్కరే ప్రమాణం. అది చిరిగిపోతే కారుతో ఇచ్చిన పుస్తకం.

మిగతావి గబగబా.

"నేను వంద దాటను, స్పీడు అక్షరం నాకెందుకు?" 84 పక్కనున్న ఆ హెచ్ అంటే గంటకు 210, టి అంటే 190, వి అంటే 240 కిలోమీటర్లు. అది మీ స్పీడుకు అనుమతి చీటీ కాదు, టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు. కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గించొద్దు, పెంచితే నష్టం లేదు.

టైరు మీద రాసిన గరిష్ఠ పీఎస్ఐ రోజూ కొట్టాల్సిన గాలి కాదు. కొట్టాల్సింది స్టిక్కరు మీద ఉంటుంది, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు.

నైట్రోజన్ మహిమ గురించి నన్ను అడక్కండి. మామూలు గాలిలో 78 శాతం అదే.

రెండే మారుస్తుంటే కొత్తవి ముందు వేయమంటారు అందరూ. వెనక వేయించుకోండి, ఇంజిన్ ఎటు లాగేదైనా సరే. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కాలు తీసి సర్దుకోవచ్చు. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది.

ఇది చదివి వెళ్లి చూస్తే మీ టైర్ల మీద అంకె తక్కువగా కనిపించిందా? టెన్షన్ పడి బండిని రోడ్డు పక్కన వదిలేయక్కర్లేదు. స్టిక్కరు ప్రకారం గాలి చూసుకోండి, మార్చేదాకా జనాన్నీ సామాన్నీ నింపకండి, హైవే ఎక్కకండి. ఉబ్బు, పగులు కనిపిస్తే మాత్రం ఆ టైరు మీద ఇక ఒక్క అడుగు వద్దు, స్టెప్నీ వేసుకోండి. కొత్తవి అడగడానికి ఫోటో తీసేటప్పుడు టైరు ఒక్కటే కాదు, డోరు స్టిక్కరు కూడా తీసి పంపండి.