బారెల్ మీద నింద వేసేముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎయిర్ రైఫిల్‌తో పది మీటర్ల దూరంలో కొడుతుంటే పెల్లెట్లన్నీ (చిన్న సీసపు గుళ్లు) ఎడమకే పోతున్నాయనీ, బారెల్, అంటే రైఫిల్ గొట్టం, వంగిందేమోననీ రాశారు. బారెల్‌ను అనుమానించేది అన్నిటికన్నా చివర.

రైఫిల్‌లో రెండు గీతలు ఊహించుకోండి. ఒకటి బారెల్ లోపలి రంధ్రం వెంట పోయేది. రెండోది మీ కంటి నుంచి గురి చూసుకునే అమరికలైన వెనక సైట్, ముందు సైట్ మీదుగా సాగే చూపు. సైట్లు బారెల్ పైన ఉంటాయి కనుక చూపు గీత పైన ఉంటుంది. పెల్లెట్ ఏమో బయటికొచ్చిన క్షణం నుంచే కిందికి జారుతుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లినా, పది మీటర్లు చేరేసరికి సుమారు 17 మిల్లీమీటర్లు దిగిపోతుంది. అందుకే బారెల్ చూపు గీత వైపు రవ్వంత ఎత్తి ఉంటుంది. పెల్లెట్ దారీ మీ చూపూ లక్ష్యం దగ్గర కలిసేలా సైట్‌ను జరపడమే మన పని.

కోచ్ పక్కన ఉన్నప్పుడే ఇది చేయండి. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోండి, మూతి లక్ష్యం వైపే ఉండాలి. మొదట రెండు సైట్ల మరలు, బారెల్ బిగింపు వదులయ్యాయేమో చూడండి. చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది.

తర్వాత రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి ఐదు పెల్లెట్లు కొట్టండి. అవి చెల్లాచెదురుగా పడితే సైట్ జోలికి వెళ్లకండి, తప్పు పట్టులోనో ట్రిగ్గర్ లాగడంలోనో ఉంది. ఒకచోట గుమిగూడి ఎడమకు పడితేనే వెనక సైట్‌ను కుడికి జరపండి. వెనక సైట్ ఎటు జరిగితే దెబ్బ అటే జరుగుతుంది, ముందు సైట్‌కు మాత్రం ఇది తలకిందులు. ఒక్కో దెబ్బకూ మర తిప్పుతూ నేను చిన్నప్పుడు ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మీరు అలా చేయకండి.

రైఫిల్ ఎడమకు ఒరిగినా దెబ్బ ఎడమకు, కాస్త కిందికి పడుతుంది. ఒరగడం మానకుండా సైట్ తిప్పితే రేపు నిటారుగా పట్టుకున్నప్పుడు కుడికి పోతుంది. వెనక సైట్ రంధ్రంలో ముందు సైట్ వలయం సరిగ్గా నడుమ కూర్చోవాలి. రెండు సైట్ల మధ్య 80 సెంటీమీటర్లుంటే, అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా లక్ష్యం మీద పన్నెండున్నర మిల్లీమీటర్లవుతుంది. పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే కదా!

బారెల్ మడిచి స్ప్రింగ్ బిగించే రకంలో, అది తెరిచి ఉండగా ట్రిగ్గర్ లాగితే బారెల్ విసురుగా మూసుకుని పైకి వంగుతుంది. అప్పుడు దెబ్బలు పైకి పోతాయి. మీవి ఎడమకు పోతున్నాయి కనుక అది కాదనుకుంటాను. ఒకవేళ నిజంగా వంగినా మీరు సరిచేయబోకండి, రైఫిళ్లు బాగుచేసేవారికే ఇవ్వండి.

ఐదు దెబ్బల కాగితాన్ని, రైఫిల్ ఏ వైపు ఒరుగుతోందో కోచ్ చూసి చెప్పిన మాటనూ కలిపి నాకు పంపండి.

మీ తాతయ్య