ఏదుముళ్ళు కుట్టిన కారిబూ తోలు

అలాస్కా ఈశాన్య భాగం నుంచి కెనడాలోని మెకెంజీ నదీముఖం దాకా ఉన్న అడవులు గ్విచిన్ అనే ఆదివాసీ ప్రజల నేల. కారిబూ అనే జింకజాతి మందలను నమ్ముకుని బతికిన ఈ ప్రజలకు తిండీ, బట్టా ఆ జంతువు నుంచే వచ్చేవి. 1847లో ఫోర్ట్ యూకాన్ అనే వర్తక స్థావరాన్ని నెలకొల్పిన వర్తకుడు అలెగ్జాండర్ హంటర్ మర్రీ వారి వేషాన్ని బొమ్మలుగా గీశాడు. ముందూ వెనకా మొనదేలి కిందికి దిగే పైచొక్కా, పాదరక్షలతో కలిపి ఒకటిగా కుట్టిన లాగు అందులో ముఖ్యమైనవి.

చలికాలపు దుస్తులకు లోపల బోలుగా ఉండే కారిబూ వెంట్రుకలను తోలు మీదే ఉంచేవారు. వేసవి దుస్తులకు వాటిని గీకేసి, జంతువు మెదడును తోలుకు పట్టించి పదును చేసేవారు. పచ్చితోలు ఎండితే అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా బిరుసెక్కుతుంది. మెదడులోని కొవ్వు పదార్థాలు నీటితో కలిసి పోగుల మధ్యకు చొరబడతాయి కనుక, ఆరుతున్నంతసేపూ లాగుతూ నలిపితే తోలు మెత్తగా మిగులుతుంది. ఇంత ఓపికతో చేసిన తెల్లని తోలు మీదే అలంకరణ మొదలవుతుంది.

ఆ అలంకరణలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ముళ్ళపని. ఉత్తర అమెరికా ఏదుపంది ముళ్ళు మన ఏదుపంది ముళ్ళలా పొడుగైనవి కావు. సన్నగా, పొట్టిగా ఉంటాయి. ముల్లు కూడా ఉన్నిలాగే కెరటిన్ అనే ప్రోటీనే కాబట్టి చెట్ల, పండ్ల రంగులను బాగా పీల్చుకుంటుంది. తడిపితే మెత్తబడి, నొక్కితే చదునవుతుంది. దాన్ని కారిబూ వెన్ను వెంబడి ఉండే స్నాయువు (కండరపు నార) నుంచి చీల్చిన దారంతో, రెండు కుట్టు వరసల మధ్య అటూ ఇటూ మడుస్తూ, ఛాతీకి అడ్డంగా పట్టీలుగా కుడతారు. కుచ్చుల తోలుపోగులకూ ముళ్ళు చుట్టి, చారలున్న సిల్వర్‌బెర్రీ గింజలను గుచ్చుతారు. పండును ఉడికించి గుజ్జు తీశాక గింజ మెత్తగా ఉన్నప్పుడే బెజ్జం పెట్టాలి, ఎండితే ఇక లొంగదు. కుట్ల వెంబడి పూసే ఎరుపు జేగురుది. అది ఇనుప ఆక్సైడ్ కాబట్టి చెట్ల రంగుల్లా త్వరగా వెలిసిపోదు.

వర్తకుల ద్వారా గాజుపూసలూ, నేత బట్టలూ వచ్చాక ఈ దుస్తుల వాడకం క్రమంగా తగ్గిపోయింది. మిగిలిన పాత దుస్తుల్లో ఎక్కువ భాగం గ్విచిన్ ఊళ్ళకు దూరంగా, మ్యూజియంలకు చేరాయి. 2000లో గ్విచిన్ సాంస్కృతిక సంస్థ, ఉత్తర కెనడా నగరం ఎల్లోనైఫ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం కలిసి ఒక పని తలపెట్టాయి. కెనడా జాతీయ మ్యూజియంలో ఉన్న ఒక పాత వేసవి దుస్తుల జతను కుట్టు కుట్టుగా పరిశీలించి, 40 మందికి పైగా గ్విచిన్ కుట్టుపనివాళ్ళు అచ్చం అలాంటివే ఐదు జతలు తయారుచేశారు. వ్రాతలో ఎక్కడా లేని కొలతలూ, మడతలూ వారికి ఆ పాత తోలే చెప్పింది. 2003లో పూర్తయిన ఆ ఐదింటిలో ఒకటి ఎల్లోనైఫ్ మ్యూజియంకు వెళ్ళగా, తక్కిన నాలుగూ అక్లావిక్, ఇనువిక్, సీగెచిక్, ఫోర్ట్ మెక్‌ఫర్సన్ అనే గ్విచిన్ ఊళ్ళకు చేరాయి.